గులాబీ కుందేలును హిట్లర్‌ ఎత్తుకెళ్లాడు!

పదేళ్ల పిల్లకు గ్యాస్‌ ఛాంబర్ల గురించి ఎలా చెప్పాలి? అసలు చెప్పాలా? దాచిపెడితే అబద్ధమాడినట్టు. ఉన్నదున్నట్టు చెబితే ఆ రాత్రి పిల్లకు నిద్ర పట్టదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో యూదుల బతుకుల మీద పిల్లల కోసం నవలలు రాసినవాళ్లంతా ఈ రెంటి మధ్యా నడిచినవాళ్లే. కొందరు ఒడ్డు చేరారు, కొందరు తడబడ్డారు. వాళ్లు రాసిన కథలే కాదు, ఆ కథల వెనక కథలూ ఆసక్తికరమే.

పెట్టెలో ఒక్క బొమ్మకే చోటుంది. ఏది పెట్టుకోవాలి? తొమ్మిదేళ్ల అన్నాకు ఎటూ తోచలేదు. పసితనం నుంచీ పక్కలో వేసుకుని పడుకున్న గులాబీ రంగు కుందేలు ఒకవైపు. ఈమధ్యే వచ్చిన ఉన్ని కుక్కపిల్ల మరోవైపు. కుందేలు ఎప్పుడూ ఉండేదే. కుక్కపిల్లతో ఇంకా సరిగ్గా ఆడుకోనేలేదు. అందుకని కుక్కపిల్లనే పెట్టెలో సర్దుకుంది. కొన్నాళ్లకు తిరిగి వచ్చేస్తాం కదా, అప్పుడు కుందేలు సంగతి చూసుకోవచ్చు అనుకుంది.

తిరిగి రావడమన్నది జరగలేదు. బెర్లిన్‌లో వాళ్లింట్లోని సామానంతా నాజీలు పట్టుకుపోయారని కబురొచ్చింది. పెద్దవాళ్లు తమ దిగుల్లో తాముంటే, అన్నా మాత్రం ‘ఆ హిట్లర్‌ ఇప్పుడు నా కుందేలుతో ఆడుకుంటుంటాడా’ అని ఆలోచిస్తుంది.

1971లో వచ్చిన ‘వెన్‌ హిట్లర్‌ స్టోల్‌ పింక్‌ రాబిట్‌’ నవలలోని సంగతి ఇది. అన్నా మరెవరో కాదు, నవల రాసిన జూడిత్‌ కెరే. ఆమె తండ్రి ఆల్‌ఫ్రెడ్‌ కెర్‌ బెర్లిన్‌లో పేరుమోసిన నాటక విమర్శకుడు. నాజీలంటే గిట్టదు. ఆ మాట దాచుకునే మనిషీ కాదు. 1933 ఫిబ్రవరిలో ఆయన జ్వరంతో మంచంలో ఉండగా ఒక పోలీసు ఫోన్‌ చేశాడు. ‘మీ పాస్‌పోర్టు లాక్కోబోతున్నారు’ అని చెప్పి పెట్టేశాడు. జ్వరంతోనే ఆయన రైలెక్కి దేశం దాటేశాడు. హిట్లర్‌ను గద్దె మీద స్థిరపరచిన మార్చి 5 ఎన్నికలకు ముందే భార్య, ఇద్దరు పిల్లలూ స్విట్జర్లాండు చేరుకున్నారు. ఆ మే నెలలో నాజీలు వీధుల్లో కుప్పపోసి తగలబెట్టిన పుస్తకాల్లో ఆల్‌ఫ్రెడ్‌ కెర్‌వీ ఉన్నాయి. ఆ పోలీసు ఫోన్‌ చేయకపోతే ఈ నవలే లేదు.

మరి, ముప్ఫై ఎనిమిదేళ్లు ఆగి ఇదంతా ఎందుకు రాసినట్టు? దానికి కారణం ఓ సినిమా. జూడిత్‌ తన ఎనిమిదేళ్ల కొడుకును ‘సౌండ్‌ ఆఫ్‌ మ్యూజిక్‌’కు తీసుకెళ్లారు. సినిమా చూసి బయటికొచ్చిన పిల్లాడు, అమ్మ చిన్నప్పుడు ఎలా ఉండేదో ఇప్పుడు తెలిసిందని సంబరపడిపోయాడు. కొండల మీద పాటలు పాడుకుంటూ సరిహద్దు దాటేయడమా! కాదు నాయనా అని చెప్పడానికి ఆవిడ కలం పట్టారు. అప్పటికే ఆమె పసిపిల్లల బొమ్మల పుస్తకాలతో పేరు తెచ్చుకున్న చిత్రకారిణి. 1968లో వచ్చిన ‘ద టైగర్‌ హు కేమ్‌ టు టీ’ ఇంగ్లండులో ఇంటింటి పుస్తకం.

ఈ నవలలో నిర్బంధ శిబిరం కనిపించదు. తుపాకీ పేలదు. ఉన్నదల్లా స్విట్జర్లాండులో సత్రం, పారిస్‌లో ఇరుకు ఇల్లు, అర్థంకాని ఫ్రెంచి పాఠాలు, తరుగుతున్న డబ్బు. తండ్రి తల మీద నాజీలు వెయ్యి మార్కుల వెల కట్టారని విని అన్నా హడలిపోతుంది. తల మీద వెల అంటే ఏమిటో ఆ పిల్లకేం తెలుసు? వెయ్యి నాణేలు నాన్న నెత్తిన వర్షంలా కురిసి ఆయన్ని కప్పేసినట్టు ఊహించుకుంటుంది. పెద్దల మాటను పిల్లలు మక్కికి మక్కిగా అర్థం చేసుకోవడమే ఇక్కడ కథను నడిపిస్తుంది. నవ్వొస్తుంది, ఆ వెంటనే గొంతు పట్టేస్తుంది.

చావు లేదా అంటే, ఉంది. జూలియస్‌ మామ అని ఇంటి స్నేహితుడొకాయన ఉంటాడు. జంతువులంటే ప్రాణం. నాజీల గోల నాలుగు రోజుల్లో చల్లారుతుందని నమ్మి బెర్లిన్‌లోనే ఉండిపోతాడు. ఆయన నాయనమ్మల్లో ఒకరు యూదు అని తేలేసరికి ఉద్యోగం పోతుంది. అయినా ఓర్చుకుంటాడు. సాయంత్రం జూకెళ్లి కోతుల్ని చూసి రావడమే ఆయనకు మిగిలిన సంతోషం. ఆఖరికి ఆ జూ పాసు కూడా లాక్కుంటారు. కొన్నాళ్లకు ఆయన ప్రాణం తీసుకున్నాడని పారిస్‌కు వార్త వస్తుంది. అరవై లక్షల మంది అనే అంకె పదేళ్ల పిల్లకు అందదు. జూ పాసు అందుతుంది.

ఈ ఒడుపు కెర్‌కు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. చేతిలో డబ్బుల్లేకపోయినా తల్లిదండ్రులు ఆ భయాన్ని పిల్లల దాకా రానివ్వలేదు. పారిస్‌లో మేడ మీది నుంచి ఊరిని చూస్తూ ‘శరణార్థులుగా ఉండటం ఎంత బాగుందో కదూ’ అని తండ్రితో అన్నానని ఆమె పెద్దయ్యాక ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఆ మాట విని ఆయన మనసు ఎలా ఉండి ఉంటుందో!

జర్మన్‌ అనువాదానికి 1974లో ఆ దేశపు యువసాహిత్య పురస్కారం వచ్చింది. పుస్తకం అక్కడి బడుల్లోకి చేరింది. తొమ్మిదేళ్ల వయసులో ఆమె వదిలి పారిపోయిన బెర్లిన్‌లో ఇప్పుడు ఓ ప్రాథమిక పాఠశాలకు ఆమె పేరే ఉంది. జూడిత్‌ కెర్‌ 2019 మేలో 95 ఏళ్ల వయసులో కన్నుమూశారు. కెరొలిన్‌ లింక్‌ తీసిన జర్మన్‌ సినిమా ఆ ఏడాది చివర్లోనే విడుదలైంది.

చేపతోలు బూట్లు

కెర్‌ తన కథే రాసుకున్నారు. అమెరికా రచయిత్రి లోయిస్‌ లౌరీ సంగతి వేరు. యుద్ధం నాటికి ఆమె సముద్రానికి ఇవతల ఉన్న చిన్నపిల్ల. డెన్మార్క్‌లో పెరిగిన స్నేహితురాలు చెప్పిన జ్ఞాపకాలు విని, ఆ దేశం వెళ్లి, వివరాలు సేకరించి 1989లో ‘నంబర్‌ ద స్టార్స్‌’ రాశారు. మరుసటేడు అమెరికా బాలసాహిత్యంలో అతి పెద్దదైన న్యూబెరీ పతకం దానికే వచ్చింది.

1940 ఏప్రిల్‌ 9న డెన్మార్క్‌ను జర్మనీ ఆక్రమించింది. మూడేళ్లపాటు అక్కడి యూదుల జోలికి పెద్దగా పోలేదు. 1943 సెప్టెంబరు చివర్లో, యూదుల కొత్త సంవత్సరం పండుగ రోజుల్లో ఇళ్ల మీద పడి అందర్నీ ఒకేసారి పట్టుకెళ్లాలని పథకం వేశారు. ఆ రహస్యాన్ని బయటపెట్టింది ఓ జర్మన్‌ అధికారే. కోపెన్‌హాగన్‌లో నౌకా వ్యవహారాలు చూసే డక్‌విట్జ్‌ ఆ కబురును డేనిష్‌ నాయకుల చెవిన వేశాడు. సెప్టెంబరు 29 ఉదయం ప్రార్థనకు వచ్చినవాళ్లతో మత గురువు మార్కస్‌ మెల్కియోర్‌ ‘ఇవాళ ప్రార్థన లేదు, ఇళ్లకెళ్లి దాక్కోండి, మీవాళ్లందరికీ చెప్పండి’ అన్నాడు. అక్టోబరు 1 రాత్రి జర్మన్లు తలుపులు బాదేసరికి చాలా ఇళ్లు ఖాళీ! పక్కింటివాళ్లూ డాక్టర్లూ పాస్టర్లూ టీచర్లూ ఎవరికి చేతనైనంతమందిని వాళ్లు దాచారు. కొద్దివారాల్లో సుమారు 7,200 మంది యూదులూ, యూదులు కాని వాళ్ల బంధువులు మరో 700 మందీ చేపల పడవల్లో సముద్రం దాటి స్వీడన్‌ చేరారు.

ఇంత పెద్ద సంఘటనను లౌరీ పదేళ్ల అన్నెమేరీ కళ్లతో చూపిస్తారు. కొట్టు మీదికి బొత్తాలు కొందామని వెళితే తాళం వేసి ఉంటుంది. దాని మీద స్వస్తిక గుర్తు. కొట్టు నడిపే యూదు కుటుంబం ఏమైందో తెలియదు. తోలు దొరకని రోజులు కాబట్టి చెల్లెలికి చేపతోలు బూట్లు కొంటారు. వాటిని తొడుక్కోనని ఆ పిల్ల మంకుపట్టు. ఆగస్టులో డేన్లు తమ యుద్ధనౌకలు శత్రువు చేతికి చిక్కకూడదని తామే పేల్చేసుకున్న రాత్రి, ఆ పిల్ల ఐదో పుట్టినరోజు. ఆకాశం ఎర్రబడితే ‘నీకోసం కాల్చిన బాణసంచా’ అని తల్లి నమ్మిస్తుంది. చదువుతున్న పిల్లలకు ఇక్కడ చిన్న గర్వం... మనకు తెలిసింది, ఆ బుడ్డదానికి తెలియదు అని!

అన్నెమేరీ నేస్తం ఎలెన్‌ యూదుల పిల్ల. సోదాకు సైనికులు వచ్చిన రాత్రి ఎలెన్‌ను తమ కూతురేనని చెప్పి దాచుకుంటారు. ఎలెన్‌ మెడలో మాత్రం యూదుల నక్షత్రం గొలుసుంది. కొక్కెం ఊడిరాదు. సైనికులు గదిలోకి వచ్చే క్షణంలో అన్నెమేరీ దాన్ని పుటుక్కున తెంపి గుప్పిట్లో దాచేస్తుంది. సైనికులు వెళ్లాక చూసుకుంటే అరచేతిలో నక్షత్రం అచ్చు పడి ఉంటుంది.

చివర్లో అన్నెమేరీ ఓ బుట్టలో పొట్లం పెట్టుకుని అడవిదారిన పడవ దగ్గరికి పరుగెడుతుంది. దార్లో సైనికులు ఆపి రొట్టె విరిచి కుక్కలకు పడేస్తారు. పొట్లంలో దొరికింది ఒట్టి చేతిరుమాలు. దానికోసం ఇంత తంటాలా అనిపిస్తుంది. ఆ రుమాలు కల్పన కాదు. వాసన పసిగట్టే కుక్కల్ని ఏమార్చడానికి ఎండిన కుందేలు రక్తం, కొకైన్‌ కలిపి పూసిన రుమాళ్లను పడవల్లో వాడారని రచయిత్రి నవల చివర వివరించారు. ఏది జరిగిందో, ఏది తను అల్లిందో చివరి పేజీల్లో విడదీసి చెప్పడం ఈ పుస్తకానికున్న గొప్ప మర్యాద. ఈ పని పిల్లల చారిత్రక నవలలన్నీ చేస్తే ఎంత బాగుండు!

ఎందుకంటే డెన్మార్క్‌ చుట్టూ కట్టుకథలకు లోటు లేదు. రాజు పదో క్రిస్టియన్‌ యూదుల పసుపు నక్షత్రాన్ని తన కోటుకు తగిలించుకున్నాడని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. డేనిష్‌ యూదుల చేత ఆ నక్షత్రం ఎన్నడూ పెట్టించనే లేదు! రాజు అంగరక్షకులు లేకుండా రోజూ గుర్రమెక్కి ఊళ్లో తిరిగిన మాట మాత్రం నిజం. లౌరీ ఆ నిజాన్నే వాడుకున్నారు.

నవలలో తక్కువగా కనిపించేవీ కొన్ని ఉన్నాయి. పడవల వాళ్లలో చాలామంది డబ్బు తీసుకున్నారు, కొందరు బాగా ఎక్కువే తీసుకున్నారు. పట్టుబడితే పడవా ప్రాణమూ పోయే పని కాబట్టి తప్పు పట్టడం కష్టమే. అన్నెమేరీ మేనమామ ఊరిగా నవలలో వచ్చే గిలెలైయిలో, చర్చి అటక మీద దాక్కున్న సుమారు 80 మంది యూదులు అదే అక్టోబరులో గెస్టపోకు చిక్కారు. మొత్తం మీద దేశంలో 470 మంది దాకా పట్టుబడి టెరెజీన్‌ శిబిరం పాలయ్యారు.

బతికినవాళ్ల కథలేనా?

ఇక్కడో చిక్కుంది. డెన్మార్క్‌ ఒక మినహాయింపు. నెదర్లాండ్స్‌లో సుమారు 1,40,000 మంది యూదులుంటే నూటికి డెబ్బై మందికి పైగా చనిపోయారు. పోలండులో 33 లక్షల మందిలో 30 లక్షల మంది పోయారు. మొత్తం చనిపోయిన అరవై లక్షల్లో 15 లక్షల మంది దాకా పిల్లలే. ఆదుకున్న పొరుగువాళ్ల కథలూ తప్పించుకున్న పిల్లల కథలూ చదివి చదివి, చివరికి అందరూ బయటపడ్డారేమో అనిపిస్తే? బాలసాహిత్యం మీద చరిత్రకారులు చేసే ప్రధాన ఫిర్యాదు ఇదే.

పోలండు కథను లోపలి నుంచి చెప్పినవాడు ఉరీ ఓర్లెవ్‌. 1931లో వార్సాలో పుట్టాడు. ఆ ఊళ్లో నాజీలు యూదుల్ని ఒక వాడలోకి తోసి చుట్టూ గోడ కట్టేశారు. అదే ఘెట్టో. నాలుగు లక్షలకు పైగా మనుషులు ఆ కాస్త జాగాలో కుక్కి ఉండేవారు. తండ్రి యుద్ధంలో రష్యన్లకు చిక్కాడు, తల్లిని నాజీలు కాల్చేశారు. పిన్ని చేతుల మీదుగా ఓర్లెవ్‌, తమ్ముడూ బెర్గెన్‌బెల్సెన్‌ శిబిరం దాకా వెళ్లి కూడా బతికారు. ఆ రోజుల్లో తమ్ముడికి ఓ కథ చెప్పేవాడట. ‘నిజానికి నేను చైనా చక్రవర్తి కొడుకును. యుద్ధాలెంత చెడ్డవో తెలియాలని మా నాన్న నన్ను నిద్రపుచ్చి ఈ కల కనిపించేలా చేశాడు. మెలకువ వస్తే ఇదంతా ఉండదు.’ పన్నెండేళ్ల పిల్లాడు మతి చెడకుండా ఉండటానికి తనకు తాను అల్లుకున్న తొలి చారిత్రక కల్పన అది!

1981లో హీబ్రూలో రాసిన ‘పక్షుల వీధిలో దీవి’ నవలలో పదకొండేళ్ల అలెక్స్‌ ఘెట్టోలో కూలిన ఇంట్లో ఒంటరిగా దాక్కుంటాడు. తోడు ఓ తెల్ల ఎలుక, మనసులో రాబిన్సన్‌ క్రూసో. నాన్న వస్తాడని నెలల తరబడి ఎదురుచూస్తాడు. తాడు నిచ్చెన కట్టుకుంటాడు, ఖాళీ ఇళ్లలో తిండి వెతుక్కుంటాడు. గోడకున్న చిన్న కంతలోంచి అవతలి వీధి కనిపిస్తుంది. అక్కడ పిల్లలు బడికెళుతుంటారు, ఓ అమ్మాయి కిటికీ దగ్గర హోంవర్క్‌ చేసుకుంటుంటుంది. గోడకు ఇటు చావు, అటు హోంవర్క్‌. సాహసకథలా పరుగెత్తించి చదివించే పుస్తకం. అయినా అలెక్స్‌ తుపాకీ పేల్చాల్సి వచ్చిన ఘట్టాన్ని ఓర్లెవ్‌ వీరగాథ చేయడు. మనిషిని చంపిన పిల్లాడు ఎలా వణికిపోతాడో చూపిస్తాడు.

పెద్దవాడిగా వెనక్కి తిరిగి ఆలోచిస్తే ఇవి రాయలేనని, పిల్లాడిగా గుర్తు తెచ్చుకుంటేనే రాయగలనని ఆయన అనేవారు. 1996లో హాన్స్‌ క్రిస్టియన్‌ ఆండర్సన్‌ పురస్కారం అందుకున్నారు. 2022లో కన్నుమూశారు.

చారల పైజామా చిక్కు

ఇక అందరికీ తెలిసిన పుస్తకం సంగతి. ఐర్లండు రచయిత జాన్‌ బోయిన్‌ 2006లో రాసిన ‘ద బాయ్‌ ఇన్‌ ద స్ట్రైప్డ్‌ పైజామాస్‌’. తొలి ప్రతిని రెండున్నర రోజుల్లో పూర్తిచేశానని ఆయనే చెప్పారు. ప్రపంచమంతా చదివింది, 2008లో సినిమా అయ్యింది. శిబిరాధికారి కొడుకు తొమ్మిదేళ్ల బ్రూనో ముళ్లకంచె దగ్గరికి షికారుకెళితే అవతల అదే వయసు యూదు పిల్లాడు ష్మూల్‌ కనిపిస్తాడు. నెలల తరబడి కబుర్లు చెప్పుకుంటారు. ముగింపు చదివి ఏడవనివాళ్లు అరుదు.

అదెలా కుదిరింది అని అడిగితే జవాబు లేదు. ఆష్‌విట్జ్‌కు చేరిన ఆ వయసు యూదు పిల్లల్లో అత్యధికుల్ని రైలు దిగిన రోజే గ్యాస్‌కు పంపేశారు. అక్కడికి తరలించిన 18 ఏళ్లలోపు వాళ్లు సుమారు 2,32,000 మంది. 1945 జనవరి 27న సోవియట్‌ సైన్యం వచ్చేసరికి అక్కడ మిగిలింది 700 పైచిలుకు. కంచె దగ్గర రోజూ కూర్చుని కబుర్లాడుకునే వీలే లేదు. ఇక యూదులంటే ఎవరో తెలియని జర్మన్‌ అధికారి కొడుకా? అక్కడి బడి పుస్తకాలే యూదులను ద్వేషించమని నేర్పిన రోజులవి. హోలోకాస్ట్‌ చరిత్ర చదివేవాళ్లూ చెప్పేవాళ్లూ ఈ పుస్తకానికి దూరంగా ఉండటం మంచిదని 2020 జనవరిలో ఆష్‌విట్జ్‌ స్మారక కేంద్రమే బహిరంగంగా చెప్పింది. ఇది కల్పితకథ, నీతికథ అన్నది బోయిన్‌ వాదన. 2022లో దానికి కొనసాగింపు కూడా రాశారు.

కథే కదా, ఇంత రాద్ధాంతమెందుకు అనిపించవచ్చు. కారణముంది. 2016లో లండన్‌ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఇంగ్లండు విద్యార్థులు వేలమందిని ఈ చరిత్ర గురించి అడిగారు. ఎక్కువమంది చూసిన సినిమా అదేనని తేలింది. అంటే వాళ్లకు అదే చరిత్ర! ఆ సినిమా చూసిన పిల్లలు చివర్లో ఎవరికోసం ఏడుస్తారు? పొరపాటున లోపలికెళ్లిన జర్మన్‌ పిల్లాడి కోసం. మిగతావాళ్లు సంగతేమిటి? పైగా ఇదంతా జరగనేలేదని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు కావాల్సింది ఒక్క తప్పు. 2008లో ఇలాంటి దెబ్బలు రెండు తగిలాయి. తోడేళ్లు తనను కాపాడాయని ఆత్మకథ రాసుకున్న ఒకావిడ అదంతా అబద్ధమని ఒప్పుకున్నారు. శిబిరం కంచె మీదుగా ఓ అమ్మాయి తనకు యాపిల్‌ పళ్లు విసిరేదని చెప్పిన ఒకాయన కథా కల్పితమేనని తేలింది. దాని ఆధారంగా అప్పటికే అచ్చయిన పిల్లల పుస్తకాన్ని ప్రచురణకర్తలు వెనక్కి తీసుకున్నారు.

జర్మన్‌ పిల్లాడి వైపు నుంచి చెప్పాలంటే చెప్పలేమా? హాన్స్‌ పీటర్‌ రిష్టర్‌ 1961లోనే చెప్పాడు. జర్మన్‌ సైన్యంలో పనిచేసినవాడు ఆయన. ‘ఫ్రీడ్రిష్‌’ నవలలో కథ చెప్పే పిల్లాడికి పేరుండదు. ఫ్రీడ్రిష్‌ వాళ్ల కుటుంబం అదే మేడలో పైవాటాలో ఉంటుంది. పిల్లలిద్దరూ కలిసి పెరుగుతారు. 1938 నవంబరులో యూదుల ఇళ్ల మీద గుంపులు పడినప్పుడు ఆ పేరులేని పిల్లాడు కూడా ఊపులో సుత్తి పట్టుకుని అద్దాలు పగలగొడతాడు. తర్వాత ఇంటికొచ్చి చూసుకుంటే ఫ్రీడ్రిష్‌ వాళ్లిల్లూ పగిలిపోయి ఉంటుంది. ఆఖర్న బాంబులు పడుతున్న రాత్రి ఇంటి యజమాని ఫ్రీడ్రిష్‌ను నేలమాళిగలోకి రానివ్వడు. లోపల కూర్చున్నవాళ్లంతా తెలిసినవాళ్లే. కళ్లనీళ్లు పెట్టించే ప్రయత్నం ఎక్కడా చేయని ఈ పుస్తకం, చారల పైజామా కంటే ఎక్కువకాలం మనసులో ఉండిపోతుంది.

మన ఇళ్లలో...

మన పిల్లలకు ఈ చరిత్ర బడిలో ఎదురవుతుంది. 2006లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి పుస్తకంలో నాజీల పాఠం హెల్ముట్‌ అనే పదకొండేళ్ల జర్మన్‌ పిల్లాడితోనే మొదలవుతుంది. పక్కగదిలో అమ్మానాన్నల గుసగుసలు వింటాడు. యుద్ధం ఓడిపోతున్నాం, కుటుంబమంతా చనిపోదామా అని డాక్టరైన తండ్రి మాట్లాడుతుంటాడు. పిల్లల నవలలు రాసేవాళ్లకున్న కిటుకే పాఠం రాసినవాళ్లకూ తెలుసన్నమాట.

సరదాగా ఓ మాట. ఆన్‌ ఫ్రాంక్‌ డైరీ ఆమ్‌స్టర్‌డామ్‌లో తొలిసారి అచ్చయింది 1947 జూన్‌ 25న. ఆ మరుసటి నెలే మద్రాసులో చందమామ తొలి సంచిక వచ్చింది. మన పిల్లలు రాజులూ రాక్షసులూ భేతాళుడితో పెరిగారు. అక్కడి పిల్లలకు రాక్షసులు పక్కవీధిలోనే కనిపించారు.

పిల్లలకు ఈ పుస్తకాలు కొనిచ్చే తల్లిదండ్రులు ముందు తామోసారి తిరగేస్తే మంచిది. పదేళ్ల వాళ్లకు కెర్‌, లౌరీ చాలు. ఓర్లెవ్‌, రిష్టర్‌ పన్నెండు దాటాక. అమెరికా రచయిత్రి జేన్‌ యోలెన్‌ 1988లో రాసిన ‘ద డెవిల్స్‌ అరిథ్‌మెటిక్‌’ పాఠకుల్ని గ్యాస్‌ ఛాంబర్‌ గుమ్మం దాకా తీసుకెళుతుంది. దానికి ఇంకాస్త వయసు రావాలి. చారల పైజామా ఇప్పటికే చదివేసి ఉంటే నష్టం లేదు, ‘ఇందులో ఏది జరగడానికి వీల్లేదో చెప్పు’ అని అడగొచ్చు.

వార్సాలో టాగోర్‌

ఈ కథల్లో మనదేశానికి చోటున్న కథ ఒకటుంది. అది కల్పన కాదు. వార్సా ఘెట్టోలో యానుష్‌ కొర్చాక్‌ అనే పిల్లల డాక్టరు అనాథాశ్రమం నడిపేవాడు. అసలు పేరు హెన్రిక్‌ గోల్డ్‌స్మిట్‌. పోలండు పిల్లలు ఇష్టంగా చదువుకున్న ‘రాజు మాచూష్‌’ కథ రాసింది ఆయనే. ఆశ్రమంలో పిల్లలకు సొంత న్యాయస్థానం ఉండేది, అందులో పిల్లలే న్యాయమూర్తులు. తప్పు చేస్తే కొర్చాక్‌ కూడా బోనెక్కాల్సిందే. అమెరికా రచయిత జెర్రీ స్పినెల్లీ 2003లో ఘెట్టో మీద రాసిన ‘మిల్క్‌వీడ్‌’ నవలలోనూ ఈ డాక్టరు కనిపిస్తాడు.

1942 జులై. తిండి లేదు, మందుల్లేవు. తరలింపులు మొదలవుతాయని ఘెట్టో అంతా పుకార్లు. అలాంటప్పుడు కొర్చాక్‌ తన పిల్లల చేత నాటకం వేయించాలనుకున్నాడు. ఎంచుకున్నది రవీంద్రనాథ్‌ టాగోర్‌ 1911లో రాసిన ‘డాక్‌ఘర్‌’. జబ్బుపడ్డ అమల్‌ను వైద్యుడు గడప దాటొద్దంటాడు. పిల్లాడు కిటికీ దగ్గర కూర్చుని దారినపోయే పెరుగమ్మేవాడితో, కావలివాడితో, పూలు కోసే పిల్లతో మాట్లాడుతుంటాడు. ఎదురుగా కొత్తగా పెట్టిన పోస్టాఫీసు నుంచి ఏదో ఒకరోజు తనకు రాజుగారి ఉత్తరం వస్తుందని నమ్ముతాడు. చివరికి రాజవైద్యుడు వచ్చి తలుపులూ కిటికీలూ అన్నీ తెరిపిస్తాడు. అమల్‌ నిద్రపోతాడు.

జులై 18న నాటకం వేశారు. గోడలో కిటికీ కూడా లేని ఊళ్లో, బయటికెళ్లలేని పిల్లలు, బయటికెళ్లలేని పిల్లాడి కథ ఆడారు. ఈ నాటకమే ఎందుకని అడిగితే, చావును ప్రశాంతంగా అందుకోవడం పిల్లలు నేర్చుకోవాలని ఆయన బదులిచ్చినట్టు చెబుతారు.

నాలుగు రోజులకు, జులై 22న తరలింపులు మొదలయ్యాయి. సెప్టెంబరు లోపల రెండున్నర లక్షల మందికి పైగా వార్సా యూదుల్ని ట్రెబ్లింకాకు పంపారు. కొర్చాక్‌ తప్పించుకోవడానికి స్నేహితులు అంతకుముందే ఎన్నోసార్లు దారులు చూపారు. పిల్లల్ని వదిలి రానన్నాడు. ఆగస్టు మొదటివారంలో ఒకరోజు సైనికులు ఆశ్రమానికి వచ్చారు. దాదాపు 200 మంది పిల్లలు వరసకట్టి వీధిలో నడిచారు. ముందు కొర్చాక్‌, పిల్లలతో పాటు ఆశ్రమాన్ని మూడు దశాబ్దాలు తనతో కలిసి నడిపిన స్టెఫానియా విల్చిన్‌స్కా. ఎవరూ తిరిగి రాలేదు.

ట్రెబ్లింకాలో ఇప్పుడు శిబిరం లేదు. నాజీలే ఆనవాళ్లు చెరిపేశారు. ఆ నేల మీద యుద్ధం తర్వాత 17 వేల రాళ్లు నాటారు. కొన్నిటి మీద ఊళ్ల పేర్లున్నాయి, చాలావాటి మీద ఏమీ లేదు. మనిషి పేరు చెక్కిన రాయి ఒక్కటే ఉంది. దాని మీద, యానుష్‌ కొర్చాక్‌, పిల్లలు అని ఉంటుంది.